మైకు వాళ్లది, దగ్గు మనది

ఈమధ్య ఒక నక్షత్రాల హోటల్లో జరిగిన సదస్సుకి నన్నూ పిలిచారు. కోవిడ్ నుంచి నేర్చుకున్న పాఠాలు నెమరేసుకోవడం దాని ఉద్దేశం. నేర్చుకున్నదేమిటో సాయంత్రం దాకా తేలలేదు గానీ, మధ్యలో ముందు వరసలో ఒక పెద్దమనిషి గట్టిగా తుమ్మితే పక్క కుర్చీలు రెండూ చప్పుడు కాకుండా ఖాళీ అయిపోయాయి. ఆ రోజు మొత్తం మీద కళ్లారా చూసిన పాఠం అదొక్కటే.

వేదిక వెనక గోడ పొడవునా ఫ్లెక్సీ. పైన నాయకుల మొహాలు, మధ్యలో తెలుగేమో అని అనుమానం కలిగించే ఒక వాక్యం: ‘మహమ్మారి వేళ ప్రమాద సమాచార వితరణ, సముదాయ నిమగ్నత’. వితరణ అంటే నాకు తెలిసి దానం. ప్రమాదాన్ని దానం చేస్తారు కాబోలని జడుసుకుంటే, పక్కాయన జాలిపడి అసలు పేరు చెప్పాడు. రిస్క్ కమ్యూనికేషనూ, కమ్యూనిటీ ఎంగేజ్‌మెంటూనట.

మా వైపు ఎంగేజ్‌మెంట్ అంటే నిశ్చితార్థం. దానికి రెండు వైపులవాళ్లూ రావాలి. అడగాల్సినవి అడగాలి, అలగాల్సినవాళ్లు అలగాలి, వాళ్లని బతిమాలి కూర్చోబెట్టాలి, అప్పుడు తాంబూలాలు మార్చుకోవాలి. ఇక్కడ మగపెళ్లివారే వచ్చి వాళ్లలో వాళ్లే శాలువాలు కప్పుకుని, వాళ్లలో వాళ్లే తాంబూలాలు పుచ్చుకున్నారు. ఆడపెళ్లివారు ఎక్కడని వెతికితే, చిట్టచివరి వరసలో యూనిఫాం చీరల్లో నలుగురు ఆశా కార్యకర్తలు కనబడ్డారు. గ్రూప్ ఫోటోకి రంగు తక్కువవుతుందని తెచ్చారట.

మొదటి వక్త ఎబోలా నుంచి ఎత్తుకున్నాడు. 2014లో గినియా దేశంలో వోమే అనే ఊరికి రోగం గురించి చెప్పడానికి వెళ్లిన బృందంలో 8 మందిని జనం చంపేశారు. భయంతో ఉన్న ఊరి మీదికి మైకు పట్టుకుని వెళ్తే ఏమవుతుందో ప్రపంచానికి అప్పుడు తెలిసింది. ముందు వినాలి, ఊళ్లో నలుగురూ నమ్మే మనిషి చేత చెప్పించాలి, అంత్యక్రియల్లో పరువు తీయకూడదు అని అప్పుడే గుణపాఠాలు రాసుకున్నారు. చక్కగా అచ్చేసుకున్నారు కూడా. ఆరేళ్లు తిరిగేసరికి కోవిడ్ వచ్చింది, ఆ పాఠాలన్నీ మళ్లీ మొదటినుంచీ నేర్చుకున్నాం. పాఠం మర్చిపోకపోతే మళ్లీ నేర్చుకునే సదస్సు ఎలా పెడతారు మరి!

ఆయన స్లైడులు మారుస్తుంటే నాకు నా స్లైడులు గుర్తొచ్చాయి.

2020 మార్చి. ఎవరికి ఫోన్ చేసినా అవతల ముందుగా ఎవరో దగ్గేవారు. తరవాత ఒక గొంతు మొదట్లో హిందీలోనో ఇంగ్లీషులోనో ఏదో హెచ్చరించేది. మా పెద్దమ్మకి రెండూ రావు, దగ్గు ఒక్కటే అర్థమయ్యేది. ‘అయ్యో, వాడికి బాలేనట్టుంది, తరవాత చేద్దాంలే’ అని పెట్టేసేది. ఒక సర్కారు సందేశం మా ఇంట్లో సాధించిన ఫలితం: పెద్దమ్మ నెల రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. కొన్నాళ్లకి దగ్గు పోయి ఇంకో ఉపదేశం వచ్చింది. పోరాడాల్సింది రోగంతో, రోగితో కాదు అని. ఎంత మంచి మాట! ఆ మాట చెవిలో పడుతుండగానే గుమ్మానికి ‘ఈ ఇంటికి రావద్దు’ అని స్టిక్కరు అంటించి, వీధికి అడ్డంగా కర్రలు కట్టి, వెళ్తూ వెళ్తూ ఫోటో తీసుకునేవారు. ఆ ఫోటో సాయంత్రానికి ఊరందరి వాట్సాప్‌లో. ఇళ్లకి పోస్టర్లు అంటించిన చోట రోగుల్ని అంటరానివాళ్లలా చూస్తున్నారని సుప్రీంకోర్టు గుర్తించి, ఇష్టమొచ్చినట్టు అంటించొద్దని చెప్పేసరికి 2020 డిసెంబరు వచ్చింది. అప్పటికి జిగురూ పరువూ రెండూ ఎండిపోయాయి.

అంటరానితనం మాటొచ్చింది కాబట్టి చెప్పాలి. ‘సామాజిక దూరం పాటించండి’ అని ఊరూరా ఆటోల్లో మైకులు తిరిగాయి. ఆ అనువాదం ఎవరు చేశారో గానీ చేతులెత్తి మొక్కాలి. ఈ దేశానికి సామాజిక దూరం ఒకరు నేర్పాలా? ఊరికీ వాడకీ మధ్య ఉన్నది ఏమిటి? టీ బడ్డీలో చూరుకింద వేరే పెట్టిన రెండో గ్లాసు ఏమిటి? వైరస్ పుట్టకముందే మన దగ్గర ప్రోటోకాల్ ఉంది, అమలుకి పోలీసులు కూడా అక్కర్లేదు. మీటరు అనే కొలత ఒక్కటే కొత్త. అంతకుముందు దూరం ఇంకా ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాటలో పేచీ ఉందని 2020 మార్చిలోనే పసిగట్టి, ‘భౌతిక దూరం’ అనడం మొదలుపెట్టింది. మనిషికీ మనిషికీ మధ్య గజాలు పెరగాలి గానీ మాటలు తెగకూడదని దాని భావం. మనవాళ్లకి మాత్రం పాత మాటే నోటికి రుచించింది. పైగా అందరినీ దూరంగా ఉండమన్న ఆ వీధిని పొద్దున్నే ఊడవడానికి వాడ నుంచే మనిషి రావాలి. చేతికి తొడుగు ఇచ్చారా, మూతికి గుడ్డ ఇచ్చారా అని ఏ ఆటో మైకూ అడగలేదు.

మాటల దగ్గర ఇంకో ముచ్చట. ఎంగేజ్‌మెంట్‌కి కమ్యూనిటీ ఎప్పుడూ కావాలి. ట్రాన్స్‌మిషన్‌కి మాత్రం కమ్యూనిటీ లేదు! రోగం జనంలోకి పాకిందని ఒప్పుకోకుండా ‘క్లస్టర్లు’ అంటూ నెలల తరబడి నెట్టుకొచ్చారు. 2020 అక్టోబరులో కేంద్ర ఆరోగ్యమంత్రి, కొన్ని రాష్ట్రాల్లో కొన్ని జిల్లాల్లో మాత్రమే సామాజిక వ్యాప్తి ఉందని, కొత్త కోడలు మొగుడి పేరు చెప్పినంత సిగ్గుపడుతూ ఒప్పుకున్నారు. జాగ్రత్తలు చెప్పేటప్పుడు జనం ఉంటారు, రోగం లెక్క చెప్పేటప్పుడు ఉండరు.

లెక్కలంటే గుర్తొచ్చింది. పరీక్షలు ఎందుకు తక్కువ, బులెటిన్‌లో వివరాలు ఎందుకు లేవు అని తెలంగాణ హైకోర్టు 2020లో పదేపదే అడగాల్సివచ్చింది. దేశం మొత్తం మీద రెండేళ్లలో 47 లక్షల అదనపు మరణాలు ఉండొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో అంచనా కట్టింది. మన ఖాతాలో ఉన్నవి 4.8 లక్షలు. లెక్క కట్టిన పద్ధతే తప్పని కేంద్రం కొట్టిపారేసింది. పద్ధతి సంగతి గణితవేత్తలు చూసుకుంటారు. శ్మశానం ముందు వరసలో నిలబడి వచ్చిన మనిషి, ఇంటికెళ్లి టీవీలో బులెటిన్ విన్నాక, మర్నాడు అదే టీవీ చెప్పే మాస్కు మాట ఎందుకు నమ్మాలి? ఆ ప్రశ్న ఏ స్లైడులోనూ లేదు.

మళ్లీ మొదటికి వద్దాం. 2020 మార్చి తొలి రోజుల్లో ఒక ముఖ్యమంత్రి గారు అసెంబ్లీలో, ఇంకో ముఖ్యమంత్రి గారు ప్రెస్‌మీట్‌లో పారాసిటమాల్ మాహాత్మ్యం సెలవిచ్చారు. ఒకరు మన ఎండలకి వైరస్ బతకదన్నారు, ఒకరు బ్లీచింగ్ పౌడర్ చల్లమన్నారు. పారాసిటమాల్‌ని నేను తప్పుపట్టను, పాపం అది జ్వరం తగ్గిస్తుంది. పేచీ మందు దగ్గర కాదు, ‘నాకన్నీ తెలుసు, మీరు పడుకోండి’ అన్న గొంతు దగ్గర. ఎందుకంటే నెల తిరక్కుండా 24వ తేదీ రాత్రి 8 గంటలకి ప్రధానమంత్రి టీవీలో కనబడి, అర్ధరాత్రి నుంచి 21 రోజులు గడప దాటొద్దన్నారు. పొద్దున మామూలు జ్వరం, రాత్రికి ప్రళయం. మధ్యలో ఏం మారిందో చెప్పినవాళ్లు లేరు. చెప్పనవసరం ఏముంది, లాఠీ ఉందిగా! తెలియదు అనే మాట మన పాలకుల నిఘంటువులో అచ్చుతప్పుగానైనా పడలేదు. ‘ఇది కొత్త రోగం, మాకు తెలిసింది ఇంత, రేపు ఇంకొంచెం తెలిస్తే మాట మారుస్తాం’ అని ఒక్కసారి అని ఉంటే, మారిన మాట అబద్ధంలా వినబడేది కాదు.

ప్రధానమంత్రి పళ్లేలు మోగించమన్నది వైద్య సిబ్బందికి కృతజ్ఞతగా. వాట్సాప్ విశ్వవిద్యాలయం వెంటనే అందులో ప్రకంపన శాస్త్రం కనిపెట్టింది. ఆ చప్పుడుకి వైరస్ చస్తుందట! అలాంటిదేమీ లేదని ప్రభుత్వ విభాగమే ఖండించాల్సివచ్చింది. పళ్లెం మోత వీధి చివరిదాకా వినబడింది, ఖండన ఎవరికీ వినబడలేదు. బహుశా పళ్లేలు మోగుతుండటం వల్ల.

నవ్వులాటకి రాని సంగతి ఒకటుంది. 2020 ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లాలో ఒక నడివయసు మనిషికి జ్వరమొచ్చింది. మామూలు వైరల్ జ్వరమని డాక్టర్లు చెప్పారు. ఆయన ఫోన్లో చైనా వీడియోలు చూశాడు. తనకి వచ్చింది అదేననుకున్నాడు, తన వల్ల ఇంట్లోవాళ్లకి వస్తుందనుకున్నాడు. వాళ్లని దగ్గరికి రానివ్వలేదు. చివరికి ప్రాణం తీసుకున్నాడు. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కేసు బయటపడింది ఆ మార్చి 12న. అంటే వైరస్ కంటే నెల ముందే భయం వచ్చి ఒక మనిషిని తీసుకుపోయింది. చప్పట్లకీ దీపాలకీ ముహూర్తాలు పెట్టిన దేశంలో, ఆ ఇంటి అరుగు మీద పావుగంట కూర్చుని ‘ఇది అది కాదు బాబాయ్’ అని చెప్పే పనికి ఏ ముహూర్తమూ కుదరలేదు.

చెప్పడం మనవాళ్లకి అసలు చేతకాదని కాదు. కోడిమాంసం తింటే కరోనా వస్తుందని పుకారు లేచి చికెన్ ధర పడిపోయినప్పుడు, ఆ ఫిబ్రవరి చివర్లో తెలంగాణ మంత్రులు హైదరాబాద్‌లో వేదికెక్కి అందరి ముందూ కోడి కాళ్లు కొరికారు. ఉపన్యాసం కాదు, తిని చూపించడం! ఆ పద్ధతి అన్నింట్లోకీ మేలైనది. పరిశ్రమ నష్టపోతుంటే అంత తెలివిగా చెప్పగలిగినవాళ్లు, మనుషులు పోతుంటే ఆటో మైకు దగ్గర ఆగిపోయారేమిటా అని నా చిన్న అనుమానం.

తరవాత మే 4. మద్యం దుకాణాలు తెరిచారు. నలభై రోజులుగా ‘గుంపులు కూడితే చస్తారు’ అన్న గొంతే ఇప్పుడు గుంపుల్ని పిలిచింది. ఆంధ్రలో ధర 75 శాతం పెంచి, ఇది తాగుడు మాన్పించడానికేనని సెలవిచ్చారు. దుకాణాల ముందు సుద్దతో గుండ్రాలు గీశారు. విశాఖ జిల్లాలో ఆ వరసలు సరిచేసే డ్యూటీ ఎవరికి పడిందో తెలుసా? బడిపంతుళ్లకి! పదేళ్ల కిందట తానే చెవి మెలేసి వరసలో నిలబెట్టిన కుర్రాణ్ణి, మాస్టారు మళ్లీ వరసలో నిలబెట్టారు. విద్యాశాఖ చరిత్రలో పూర్వ విద్యార్థుల సమ్మేళనం అంత భారీగా జరగడం అదే మొదలై ఉంటుంది.

‘ఇంట్లో ఉండండి, క్షేమంగా ఉండండి’ అన్న నినాదానికి ఇల్లు ఉండాలన్న షరతు కనబడని అక్షరాల్లో ఉంది. తెలంగాణకి మిరప కోతలకి వచ్చిన ఛత్తీస్‌గఢ్ కూలీలకి ఆ షరతు ఏప్రిల్‌లో తెలిసింది. వాళ్లలో 12 ఏళ్ల పిల్ల ఒకతె, మూడు రోజులు అడవి దారుల్లో నడిచి, ఇల్లు ఇంకొద్ది దూరం ఉందనగా పడిపోయింది. పోయాక కరోనా పరీక్ష చేశారు. లేదని వచ్చింది.

జూన్‌లో పలాసలో, నడిరోడ్డు మీద చనిపోయిన ఒక వృద్ధుణ్ణి ప్రొక్లెయినర్ తొట్టెలో వేసి తీసుకెళ్లారు. అధికారుల్ని సస్పెండ్ చేశారు, మంచిదే. అంతకుముందు ఏప్రిల్‌లో నెల్లూరికి చెందిన డాక్టరు చెన్నైలో పోతే, అక్కడి శ్మశానం దగ్గర జనం అడ్డుపడ్డారు. జనాన్ని తిట్టిపోశాం, అదీ సబబే. కానీ శవాన్ని చూస్తే సర్కారే యంత్రంతో ఎత్తేంత భయపడుతోందని ఆ దృశ్యాలన్నీ చెబుతుంటే, కాల్చిన శవం వల్ల రోగం రాదన్న వాక్యాన్ని ఎవడు చెవిన పెడతాడు? సందేశం అంటే పోస్టరు మీద ఉన్నది కాదు, రోడ్డు మీద జరిగేది. ఇంకోవైపు రోజూ సాయంత్రం బులెటిన్‌లో కేసుల్ని ఒక మత సమావేశం పేరుతో విడదీసి చదివి, ‘ఎవరినీ వేలెత్తి చూపొద్దు’ అని విజ్ఞప్తి చేసేవారు. వేలు అప్పటికే పైకి లేచి ఉంది, చూపించింది వాళ్లే.

భోజనానికి ముందు ఒక యువ కన్సల్టెంట్ లేచి, గ్రామీణుల్లో మూఢనమ్మకాలు మన ప్రధాన సవాలన్నాడు. ఉదాహరణకి కృష్ణపట్నం ఆనందయ్య కోవిడ్‌కి పంచిన నాటుమందు. హాలంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. 2021 మేలో ఆ రోడ్డు మీద బారులు తీరింది పల్లెటూరివాళ్లేనా? ఏసీ కార్లు ఎవరివి? ఆస్పత్రిలో మంచం దొరకని, ఆక్సిజన్ దొరకని, ఫోనెత్తే దిక్కు దొరకని రోజులవి. అక్కడొక మనిషి డబ్బు అడక్కుండా, ఆధార్ అడక్కుండా, మనకొచ్చిన భాషలో మాట్లాడి చేతిలో ఏదో పెట్టాడు. కంట్లో వేసే చుక్కలు తప్ప మిగతావి ఇచ్చుకోవచ్చని నెలాఖరుకి ప్రభుత్వమే అనుమతిచ్చింది. ఆ మందు రోగం తగ్గించిందని నేను అనను. కానీ అదే నెలలో 18 నుంచి 44 ఏళ్లవాళ్లకి టీకా కావాలంటే కోవిన్‌లో స్లాట్ పట్టాలి. ఆ కోవిన్‌కి జూన్ దాకా తెలుగు రాదు. కొన్నిచోట్ల పట్నం కుర్రాళ్లు ల్యాప్‌టాప్ ముందు కాపుకాసి పల్లెటూరి పీహెచ్‌సీలో స్లాట్ కొట్టి, కార్లలో వెళ్లి వేయించుకుని వచ్చారు. పీహెచ్‌సీ పక్కింటాయన అరుగు మీద కూర్చుని ఆ కార్లని లెక్కపెట్టాడు. ఆయన నాటుమందుకి వెళ్తే మూఢనమ్మకం అంటున్నాం!

చెప్పేవాడికి వినేవాడు లోకువ అని సామెత. చెవిటివాడి ముందు శంఖం ఊదడం గురించీ విన్నాం. ఇక్కడ విచిత్రమేమిటంటే, శంఖం ఊదేవాడికే చెవుడు.

చివరికి ఆశా కార్యకర్తల్లో ఒకామెకి మైకిచ్చారు. రెండు నిమిషాలని ముందే చెప్పారు. యాభై దాటిన మనిషి. భయపడలేదు.

“మా ఊళ్లో సూదికి ముందు ఎవరూ రాలేదండీ. రెండేళ్లలో చచ్చిపోతారని ఫోన్లలో వచ్చింది కదా. సార్లు వచ్చి పది గంటలకి క్యాంపు పెట్టారు. పదింటికి ఊళ్లో ఎవరుంటారు సార్, పొలాల్లో ఉంటారు. మనిషి లేకపోతే సూది ఎవరికి వేస్తారు? జనం సహకరించట్లేదని రాసుకుని వెళ్లిపోయారు. నేను రాత్రి పూట తిరిగాను. చావుకి భయపడినవాళ్లు నలుగురైదుగురే. మిగతావాళ్ల భయం వేరు. సూది వేస్తే రెండ్రోజులు జ్వరం వస్తుందంట కదా ఆశమ్మా, ఆ రెండ్రోజుల కూలి ఎవరిస్తారు అని అడిగారు. ఆ మాట పైకి చెప్పాను. పైనుంచి పోస్టర్లు వచ్చాయి.”

హాల్లో ఎవరో దగ్గారు.

“అప్పుడు నేను వేయించుకుని, మర్నాడు రచ్చబండ దగ్గర కూర్చున్నాను. జ్వరంతోనే కూర్చున్నాను. చూడు వదినా, జ్వరం వచ్చింది, చావలేదు కదా అని చూపించాను. ఒక్కో ఇంట్లో అందరికీ ఒకేసారి కాకుండా, ఇవాళ మొగుడికి, వారం తరవాత పెళ్లానికి వేయించాం. ఒక కూలైనా ఇంటికి వస్తుందని. అలా...”

యాంకరమ్మ చేయి చాచి మైకు అందుకుంది. ఎంతో స్ఫూర్తిదాయకంగా ఉందని, భోజనాలు చల్లారిపోతున్నాయని చెప్పింది. చప్పట్లు. ఆ చప్పట్ల చరిత్ర ఆమెకి తెలియనిది కాదు. కోవిడ్ పనికి కేంద్రం అదనంగా ఇచ్చింది నెలకి 1000 రూపాయలు. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని ఆశా కార్యకర్తలందరికీ కలిపి ఒక అవార్డు ఇచ్చింది. అందరికీ కలిపి ఒకటి కాబట్టి ఆమె ఇంట్లో గోడకి మేకు కొట్టాల్సిన పని పడలేదు.

భోజనాల దగ్గర ఫీడ్‌బ్యాక్ కాగితాలు పంచారు. ఇంగ్లీషులో ఉన్నాయి. కార్యక్రమం మీ అంచనాలకి ఎంత మేరకు తగ్గట్టుంది, ఒకటి నుంచి అయిదు వరకు గుండ్రం చుట్టండి. ఆమె తన కాగితం నా దగ్గరికి తెచ్చింది.

“ఏం రాయమన్నారు సార్ ఇందులో?”

చెప్పాను. కాసేపు ఆలోచించి అన్నింటికీ అయిదు చుట్టేసింది. “ఎందుకొచ్చిన గొడవ సార్, తక్కువ వేస్తే మళ్లీ ట్రైనింగ్ పెడతారు,” అంది.

సాయంత్రం హాలు ఖాళీ అవుతుంటే కుర్రాళ్లు నిచ్చెన వేసి ఫ్లెక్సీ దింపుతున్నారు. ఆమె బస్సుకి వేళవుతున్నా కదలకుండా అక్కడే నిలబడింది.

“దీన్ని ఏం చేస్తారు బాబూ?”

“పడేస్తాం ఆంటీ.”

“అయితే నాకివ్వు. మిరపకాయలు ఆరబోసుకుంటాను.”

కుర్రాడు చుట్ట చుట్టి ఇచ్చాడు. ఆమె ఒక కొస విప్పి, ‘సముదాయ నిమగ్నత’ మీద వేలితో నొక్కి మందం చూసింది, ఎక్కడైనా చిరిగిందేమోనని వెలుతురుకి పట్టి చూసింది. తరవాత నా వైపు తిరిగింది.

“మొహాలున్న వైపు కిందికి వేస్తాలెండి సార్,” అంది. “ఆ రంగు కాయలకి అంటుకుంటుంది.”